ఆడియో మిక్సర్: అందుబాటు ధరలో ఎంపిక

మైకులు, వాద్యాలు, కీబోర్డులు, ఫోన్లు, కంప్యూటర్ల నుంచి వచ్చే ధ్వని సంకేతాలను విడివిడిగా అందుకొని, ఒక్కొక్కదాని లెవెల్‌నూ స్వరలక్షణాన్నీ సరిచేసి, అన్నిటినీ కలిపి యాంప్లిఫయర్‌కో, స్పీకర్లకో, రికార్డింగ్ పరికరానికో పంపే యంత్రమే ఆడియో మిక్సర్. సౌండ్ సర్వీసుల వాళ్లు దీన్ని మిక్సర్ అనీ, పెద్దదైతే కన్సోల్ లేదా బోర్డు అనీ అంటారు. ఈ వ్యాసం భజన బృందాలు, బుర్రకథ దళాలు, చర్చిలు, పాఠశాలలు, చిన్న మైకు సెట్ల యజమానులు, ఇంట్లో రికార్డింగ్ చేసుకొనే గాయకులు కొనగలిగే మిక్సర్లకు పరిమితం. సినిమా స్టూడియోల కన్సోళ్లు దీని పరిధిలోకి రావు.

చరిత్ర

అనేక మైకుల సంకేతాలను కలపాల్సిన అవసరం రేడియో ప్రసారాలతో, టాకీ సినిమాలతో మొదలైంది. 1933 ఏప్రిల్ 27న అమెరికాలో బెల్ ల్యాబ్స్ చేసిన ప్రదర్శన ఈ పనికి తొలినాటి ఉదాహరణల్లో ఒకటి. ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రా శబ్దాన్ని మూడు ఛానెళ్లలో టెలిఫోన్ లైన్ల మీదుగా వాషింగ్టన్‌కు పంపారు. ఆర్కెస్ట్రా నిర్దేశకుడు లియోపోల్డ్ స్టకాఫ్‌స్కీ ఆ రోజు వేదికపై లేడు. వాషింగ్టన్‌లో కూర్చొని లెవెళ్లను తానే నియంత్రించాడు.

ఆనాటి పరికరాల్లో లెవెల్ మార్చడానికి పెద్ద గుండ్రటి నాబ్‌లు ఉండేవి. రెండు చేతులతో రెండు నాబ్‌లు తప్ప తిప్పలేరు. పైకీ కిందికీ జరిపే ఫేడర్లను రికార్డింగ్ గదిలోకి తెచ్చిన ఘనత అట్లాంటిక్ రికార్డ్స్ ఇంజినీరు టామ్ డౌడ్‌కు ఇస్తారు. ఒక్కో వేలికి ఒక్కో ఫేడర్ అందడంతో పాటలోని పొరలను ఒకేసారి నడపడం సాధ్యమైంది. 1952లో బ్రిటిష్ ఇంజినీరు పీటర్ బాక్సండాల్ వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రచురించిన టోన్ నియంత్రణ సర్క్యూట్ బాస్, ట్రెబుల్ నాబ్‌లకు ఆధారమైంది. నేటి చౌక మిక్సర్ల ఈక్వలైజర్‌లోనూ దాని రూపాంతరాలు కనిపిస్తాయి.

మిక్సర్ స్టూడియో గది దాటి ఊళ్లు తిరగడం 1970లలో ఊపందుకుంది. 1973లో గ్రాహం బ్లైత్, ఫిల్ డడ్డెరిడ్జ్ బ్రిటన్‌లో సౌండ్‌క్రాఫ్ట్ సంస్థను స్థాపించి, ప్రయాణపు పెట్టెలోనే అమర్చిన సిరీస్ 1 మిక్సర్‌ను తెచ్చారు. 1979లో టాస్కామ్ తెచ్చిన పోర్టాస్టూడియో 144లో మిక్సర్, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ ఒకే పెట్టెలో ఇమిడాయి. ఇంటి రికార్డింగ్ ఒక అలవాటుగా మారడంలో దాని పాత్ర చాలా పెద్దది.

ధరలు సామాన్యులకు అందేలా దిగింది 1990లలో. గ్రెగ్ మ్యాకీ 1988లో స్థాపించిన సంస్థ 1991లో విడుదల చేసిన సీఆర్-1604 పదహారు ఛానెళ్లను బల్ల మీద పట్టేంత పెట్టెలో అందించింది. 1989లో ఊలీ బెరింగర్ జర్మనీలో ప్రారంభించిన సంస్థ తయారీని చైనాకు మార్చి ధరలను మరింత దించింది. యామహా 1994లో ప్రోమిక్స్ 01తో డిజిటల్ మిక్సింగ్‌ను చిన్న స్టూడియోలకు చేర్చింది. 2012లో వచ్చిన బెరింగర్ ఎక్స్32 ఆ పనిని ఊరి సౌండ్ సర్వీసుల దాకా తీసుకెళ్లింది.

భారతదేశంలో దీనికి సమాంతరంగా మరో దారి నడిచింది. 1940లో ఢిల్లీలో మొదలైన అహూజా వంటి సంస్థల యాంప్లిఫయర్లలో మైకు ఇన్‌పుట్లూ వాటి వాల్యూమ్ నాబ్‌లూ ముందే ఉండేవి. కాబట్టి గుళ్లలో, సభల్లో వేరే మిక్సర్ అవసరం చాలాకాలం కనిపించలేదు. ఉపన్యాసం స్థానంలో సంగీత బృందం వేదికెక్కినప్పుడే ఆ లోటు తెలిసింది.

ఛానెల్ లోపలి ప్రయాణం

మిక్సర్ ముఖం మీద వరసగా కనిపించే ఒక్కో నిలువు పట్టీ ఒక్కో ఛానెల్. సంకేతం దాదాపు పై నుంచి కిందికి ప్రయాణిస్తుంది. ముందు ఇన్‌పుట్ సాకెట్, తర్వాత గెయిన్ నాబ్, లోకట్ బటన్, ఈక్వలైజర్, ఆక్స్ నాబ్‌లు, శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపే పాన్, చివరికి ఫేడర్.

లోకట్ సుమారు 80 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న శబ్దాన్ని కోసేస్తుంది. వేదిక మీద అడుగుల చప్పుడు, మైకు స్టాండు అదురు, గాలి హోరు ఎక్కువగా అక్కడే ఉంటాయి. గాత్రానికి వాడే ఛానెళ్లలో ఈ బటన్ లేని మిక్సర్‌ను ఆరుబయట కార్యక్రమాలకు కొనకపోవడం మంచిది. ఈక్వలైజర్‌లో చౌక రకాలకు మూడు నాబ్‌లుంటాయి. మధ్య నాబ్ 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర స్థిరంగా ఉండటం సాధారణం. కాస్త ధర పెరిగితే ఆ మధ్య పౌనఃపున్యాన్ని జరుపుకొనే వీలు వస్తుంది. స్పీకర్ కూత పెట్టే చోటును వెతికి తగ్గించడానికి అది పనికొస్తుంది.

మైకు ప్రీయాంప్ (చూ. గెయిన్, నాయిస్)

మిక్సర్ ధరలో సింహభాగం ఇక్కడే ఉంటుంది. లైన్ లెవెల్ అనే వృత్తి ప్రమాణం +4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు. మైకు ఇచ్చేది దానిలో ఎన్నో వందల వంతు. 1966 నుంచి తయారవుతున్న షూర్ ఎస్ఎమ్58నే తీసుకుంటే, ఒక పాస్కల్ ధ్వని పీడనానికి, అంటే మైకు దగ్గర గట్టిగా పాడినప్పటి 94 డెసిబెల్స్‌కు, అది సుమారు 1.9 మిల్లీవోల్టులు ఇస్తుంది. దాన్ని 1.23 వోల్టులకు పెంచాలంటే దాదాపు 650 రెట్లు, అంటే 56 డెసిబెల్స్ గెయిన్ కావాలి. అదే కంపెనీ ఎస్ఎమ్7బీకి మరింత ఎక్కువగా 61 దాకా కావాలి. పాస్కల్‌కు 15 మిల్లీవోల్టులిచ్చే కండెన్సర్ మైకుకు 38 చాలు.

అందుకే చౌక మిక్సర్ కొనేవారు ముందు చూడాల్సిన అంకె గరిష్ఠ గెయిన్. 40 డెసిబెల్స్ వద్ద ఆగిపోయే ప్రీయాంప్‌తో మెల్లగా మాట్లాడే వక్త గొంతు డైనమిక్ మైకులో వినిపించదు. నాబ్‌ను చివరిదాకా తిప్పితే హిస్ శబ్దం పైకి వస్తుంది. రెండో అంకె ఈఐఎన్, అంటే ఇన్‌పుట్ వద్ద లెక్కించిన నాయిస్. 150 ఓమ్‌ల మూలానికి, 20 కిలోహెర్ట్జ్ పరిధిలో ప్రకృతి అనుమతించే కనిష్ఠం సుమారు −131 డీబీయూ. మంచి చౌక ప్రీయాంప్‌లు −127, −128 దాకా చేరతాయి. ఏ పరికరమైనా −131 కంటే చాలా మెరుగైన అంకె ప్రకటిస్తే, చెవి స్పందనకు తగ్గట్టు కొలతను సవరించే ఏ-వెయిటింగ్ వేసో, ఇన్‌పుట్‌ను షార్ట్ చేసో కొలిచారని అర్థం. అలాంటి అంకెలను వేరే కంపెనీ అంకెలతో పోల్చకూడదు.

గెయిన్ పెట్టే పద్ధతి ఏ ధర మిక్సర్‌కైనా ఒకటే. ఫేడర్‌కు ముందే ఆ ఛానెల్ లెవెల్‌ను మీటర్‌కు చూపే పీఎఫ్ఎల్ బటన్ నొక్కి, గాయకుణ్ని పాటలోని పై స్థాయి చరణం పాడమనాలి. మీటర్ సున్నా దగ్గర ఆడుతూ, ఎరుపు లైటు వెలగకుండా, వెలిగినా చాలా అరుదుగా ఉండేలా గెయిన్ తిప్పాలి. సున్నా నుంచి సంకేతం చిట్లే స్థాయికి సాధారణంగా 18 డెసిబెల్స్ వరకు ఖాళీ ఉంటుంది. హెడ్‌రూమ్ అనే ఆ ఖాళీయే ఉద్వేగంలో గొంతెత్తే గాయకుణ్ని కాపాడుతుంది.

ఫాంటమ్ పవర్

కండెన్సర్ మైకులకు విద్యుత్ కావాలి. ఆ 48 వోల్టులను మైకు కేబుల్ గుండానే పంపే పద్ధతి ఫాంటమ్ పవర్. 6.8 కిలో ఓమ్‌ల రెండు రెసిస్టర్ల గుండా ఎక్స్ఎల్ఆర్ రెండో, మూడో పిన్నులకు సమానంగా వోల్టేజీ అందుతుంది. న్యూమన్ సంస్థ 1966లో కేఎమ్ 84 మైకుతో దీన్ని ప్రవేశపెట్టింది. నేడు ఐఈసీ 61938 దీనికి ప్రమాణం. ప్లస్ లేదా మైనస్ 4 వోల్టుల తేడా సమ్మతమే.

బ్యాలెన్స్‌డ్ డైనమిక్ మైకులకు ఫాంటమ్ హాని చేయదు. పాత రిబ్బన్ మైకులకు, అన్‌బ్యాలెన్స్‌డ్ కేబుళ్లకు జాగ్రత్త అవసరం. చౌక మిక్సర్లలో అన్ని ఛానెళ్లకూ కలిపి ఒకే స్విచ్ ఉంటుంది. మరీ చిన్న వాటిలో 48కి బదులు 15 వోల్టుల చుట్టూ ఇచ్చేవీ ఉన్నాయి. చాలా కండెన్సర్లు వాటితో సరిగా పనిచేయవు.

ఆక్స్, మానిటర్, ఎఫెక్ట్

ప్రేక్షకులకు వెళ్లే శబ్దమూ, గాయకుల ముందున్న మానిటర్‌కు వెళ్లే శబ్దమూ ఒకటి కావు. మృదంగ విద్వాంసుడికి గాత్రం ఎక్కువ కావాలి, గాయకుడికి శ్రుతి ఎక్కువ కావాలి. ఈ వేరువేరు మిశ్రమాలు తయారుచేసేవి ఆక్స్ బస్సులు. ఫేడర్‌కు ముందే సంకేతాన్ని తీసుకొనే ప్రీ-ఫేడర్ ఆక్స్ మానిటర్‌కు, తర్వాత తీసుకొనే పోస్ట్-ఫేడర్ ఆక్స్ ఎకో, రివర్బ్‌లకు. ఒక్క ఆక్స్ మాత్రమే ఉండి అది పోస్ట్-ఫేడర్‌గా స్థిరపడిన మిక్సర్‌తో మానిటర్ నడపడం కష్టం. హాల్లో గాత్రం తగ్గించిన ప్రతిసారీ గాయకుడికీ తగ్గిపోతుంది. వేదిక కార్యక్రమాలకు కొనే మిక్సర్‌లో కనీసం ఒక ప్రీ-ఫేడర్ ఆక్స్, లేదా ప్రీ-పోస్ట్ మార్చే స్విచ్ ఉండి తీరాలి. లోపలే ఉండే ఎఫెక్టుల సంఖ్య, పదహారైనా వందైనా, ఎంపికలో ఆ తర్వాతి విషయం.

ఛానెళ్ల లెక్క

కొనుగోలులో ఎక్కువమంది పొరపడేది అట్టపెట్టె మీది అంకె దగ్గర. తయారీదారులు స్టీరియో ఇన్‌పుట్‌ను రెండు ఛానెళ్లుగా లెక్కిస్తారు. యామహా ఎమ్‌జీ10లో పది ఛానెళ్లున్నా మైకు ఇన్‌పుట్లు నాలుగే. ఎమ్‌జీ12లో ఆరు, ఎమ్‌జీ16లో పది. బెరింగర్ జెనిక్స్ 1202లో పన్నెండని పేరున్నా మైకు ప్రీయాంప్‌లు నాలుగు. మిగతావి కీబోర్డు, ఫోన్ వంటి లైన్ సంకేతాలకే పనికొస్తాయి. ఈ లెక్కలో దాపరికం లేదు, వివరపత్రంలో రాసే ఉంటుంది. దుకాణంలో మాత్రం ఆ వివరపత్రం ఎవరూ విప్పరు.

కాబట్టి ముందు కాగితం మీద వేదిక గీసుకోవాలి. బుర్రకథలో కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు. చిన్న మైదానంలో గుమ్మెటల శబ్దం గాత్రపు మైకుల్లోనే పడుతుంది కనుక మూడు మైకులు చాలు, నాలుగు ప్రీయాంప్‌ల మిక్సర్ సరిపోతుంది. జనం ఎక్కువైతే గుమ్మెటలకు విడిగా రెండు పెట్టాలి. అప్పుడు లెక్క ఐదు, అదే మిక్సర్ చాలదు. భజన బృందం విషయంలో ముందు పాడేవారికి ఒకటి, వంత పాడేవారికి రెండు, హార్మోనియానికి ఒకటి, మృదంగం రెండు ముఖాలకూ రెండు, మొత్తం ఆరు. కీబోర్డు ఉంటే అది స్టీరియో లైన్‌లోకి వెళుతుంది. తాళాలకు మైకు పెట్టనక్కర్లేదు, అవి మిగతా అన్నిటిలోనూ వినిపిస్తాయి. ఆరుకు రెండు కలిపి ఎనిమిది మైకు ఇన్‌పుట్లు చూసుకోవాలి. ముఖ్య అతిథి మైకుకో, చెడిపోయే ఛానెల్‌కో ఆ రెండూ అవసరమవుతాయి. రెండు మైకులను వై-కేబుల్‌తో ఒకే ఇన్‌పుట్‌లో కలపడం పరిష్కారం కాదు. ఒకదానికొకటి భారమై రెండూ బలహీనపడతాయి.

వీణకో, వయొలిన్‌కో అతికించే పీజో పికప్‌లకు మైకు ఇన్‌పుట్ సరిపడదు. దాని ఇంపెడెన్స్ రెండు మూడు కిలో ఓమ్‌లే కావడంతో బాస్ పలచబడి, తీగ నాదం రేకు చప్పుడులా వస్తుంది. ఎలక్ట్రిక్ గిటారుకూ అదే ఇబ్బంది. హై-జెడ్ (Hi-Z) అని రాసిన, సుమారు ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్ గాని, ఆ సంకేతాన్ని మైకు ఇన్‌పుట్‌కు సరిపడేలా మార్చే డీఐ బాక్స్ విడిగా గాని కావాలి.

రకాలు

అనలాగ్ మిక్సర్లు చౌకలో మొదటి మెట్టు. రెండు నుంచి నాలుగు మైకుల చిన్నవి కొన్ని వేల రూపాయలకు దొరుకుతాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో బ్రాండ్ పేరున్నవీ లేనివీ పక్కపక్కనే అమ్ముతారు. నాబ్ ఎక్కడుందో అదే సెట్టింగ్ కాబట్టి కొత్తవారు త్వరగా నేర్చుకుంటారు. పవర్డ్ మిక్సర్‌లో యాంప్లిఫయర్ కూడా లోపలే ఉంటుంది. మోయడం తేలికే, కానీ ఒకటి చెడితే రెండూ మూలపడతాయి.

డిజిటల్ మిక్సర్లలో ముఖం మీద నాబ్‌లు లేని స్టేజ్‌బాక్స్ రకాలు ధరకు మించిన సౌకర్యం ఇస్తాయి. బెరింగర్ ఎక్స్ఆర్18లో పదహారు మైకు ప్రీయాంప్‌లు, పద్ధెనిమిది ఛానెళ్ల యూఎస్‌బీ ఉన్నాయి. సౌండ్‌క్రాఫ్ట్ యూఐ శ్రేణిని బ్రౌజర్‌తోనే నడపవచ్చు. ప్రతి ఛానెల్‌కూ కంప్రెసర్, గేట్, ప్రతి బస్సుకూ గ్రాఫిక్ ఈక్వలైజర్ లోపలే దొరుకుతాయి. అనలాగ్‌లో ఇవన్నీ విడిగా కొంటే మిక్సర్ ధరను మించుతాయి. నిలవ చేసుకున్న సెట్టింగ్‌ను మళ్లీ పిలిచే వీలు వారం వారం ఒకే చోట ప్రార్థనలు జరిపే చర్చిలకు ఎంతో ఉపయోగం. వీటి బలహీనత వైఫై. జనం ఫోన్లతో నిండిన మైదానంలో లోపలి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తెగిపోవచ్చు. 5 గిగాహెర్ట్జ్ రౌటర్‌ను బయట కలుపుకోవడం ఖర్చులో భాగంగానే లెక్కించాలి.

ఇంట్లో ఒక గొంతు, ఒక గిటారు రికార్డు చేసుకోవడమే పని అయితే మిక్సర్ అవసరం లేదు, మైకును నేరుగా కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ చాలు.

యూఎస్‌బీ, రికార్డింగ్, ప్రత్యక్ష ప్రసారం

చౌక మిక్సర్ల యూఎస్‌బీ ఎక్కువగా రెండు ఛానెళ్లదే. కలిసిపోయిన స్టీరియో మిశ్రమం మాత్రమే కంప్యూటర్‌కు చేరుతుంది. కచేరీ అయ్యాక మృదంగం తగ్గించి గాత్రం పెంచాలన్నా కుదరదు. ఒక్కో మైకు ఒక్కో ట్రాకుగా కావాలంటే మల్టీట్రాక్ అని స్పష్టంగా రాసి ఉండాలి. మరో సూక్ష్మం ఉంది. హాల్లో చక్కగా వినిపించే మిశ్రమం యూట్యూబ్ ప్రసారంలో వింతగా ఉంటుంది. డోలు, నాదస్వరం వంటివి హాల్లో మైకు లేకుండానే వినిపిస్తాయి కాబట్టి మిశ్రమంలో వాటి పాలు తక్కువ. ప్రసారానికి విడిగా ఒక ఆక్స్ కేటాయించడమే సరైన మార్గం. ఫోన్‌లో అతిథిని కలిపే కార్యక్రమాల్లో అతని గొంతు అతనికే తిరిగి వెళ్లకుండా చేసే మిక్స్-మైనస్ ఏర్పాటు కావాలి. దానికీ ఒక ఖాళీ ఆక్స్ ఉండాల్సిందే.

కేబుళ్లు, హమ్ (చూ. బ్యాలెన్స్‌డ్ లైన్)

ఎక్స్ఎల్ఆర్‌లో ఒకటో పిన్ను గ్రౌండ్, రెండోది హాట్, మూడోది కోల్డ్. హాట్, కోల్డ్‌లలో సంకేతం ఒకదానికొకటి తిరగబడి ఉంటుంది, దారిలో పట్టిన రొద రెండింటిలో ఒకేలా ఉంటుంది. ఇన్‌పుట్ వాటి తేడాను మాత్రమే తీసుకుంటుంది కనుక రొద రద్దవుతుంది. మార్కెట్‌లో పి-38 అనే మోనో జాక్‌కు ఈ రక్షణ లేదు. దానితో ఐదారు మీటర్లు మించి లైన్ లాగకూడదు. స్పీకర్‌లో గుయ్యిమని 50, 100 హెర్ట్జ్ హమ్ వస్తే మిక్సర్ ఒక ఫేజ్ సాకెట్ నుంచి, యాంప్లిఫయర్ దూరంలోని మరో సాకెట్ నుంచి కరెంటు తీసుకుంటున్నాయేమో చూడాలి. రెండింటినీ ఒకే బోర్డుకు కలిపితే చాలాసార్లు పోతుంది. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేయడం ప్రాణాంతకం. గాయకుడి పెదవి తాకేది మైకు లోహపు జాలీనే. లాప్‌టాప్ నుంచి వచ్చే హమ్‌కు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ సురక్షితమైన మందు.

విద్యుత్ సరఫరా

కొన్ని చిన్న మిక్సర్లు ఏసీనే బయటికిచ్చే అడాప్టర్‌తో వస్తాయి. సాధారణ డీసీ అడాప్టర్ దానికి బదులు పనికిరాదు. పోతే విడిగా దొరుకుతుందో లేదో కొనేముందే అడగాలి. 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకొనే లోపలి సరఫరా ఉన్నవి జనరేటర్ మీద నడిచే జాతర వేదికలకు నయం. కరెంటు పోయి వస్తే అనలాగ్ మిక్సర్ వెంటనే పలుకుతుంది. డిజిటల్‌ది తిరిగి లేవడానికి సమయం పడుతుంది, ఆ వ్యవధిలో వేదిక మూగబోతుంది. చిన్న యూపీఎస్ ఒకటి దాని పక్కన ఉండాలి.

కొనేముందు పరీక్ష

వాడిన మిక్సర్ కొత్తదానికంటే మెరుగైన ప్రీయాంప్‌లతో సగం ధరకు రావచ్చు. ఫేడర్లు, నాబ్‌లు దుమ్ముతో, తీరప్రాంతాల్లో ఉప్పుగాలితో ముందుగా పాడవుతాయి. ఒక పాట పెట్టి ప్రతి నాబ్‌నూ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి వినాలి. కరకరలాడితే కాంటాక్ట్ క్లీనర్‌తో బాగుపడే అవకాశం ఉంది. ఒక చోట శబ్దం పూర్తిగా తెగిపోతే ఆ భాగం మార్చాలి. ఒకే మైకును వరసగా అన్ని ఛానెళ్లకూ మార్చి, అదే గెయిన్ వద్ద లెవెల్ సమానంగా ఉందో చూడాలి. ఫేడర్లు దించి, హెడ్‌ఫోన్ పెంచి, ఏమీ కలపని ఇన్‌పుట్ల హిస్ పోల్చాలి. ఫాంటమ్ ఆన్ చేసి మల్టీమీటర్‌తో ఎక్స్ఎల్ఆర్ ఒకటో, రెండో పిన్నుల మధ్య, ఆపైన ఒకటో, మూడో పిన్నుల మధ్య కొలవాలి. రెండు చోట్లా 44 నుంచి 52 వోల్టుల మధ్య, దాదాపు ఒకే అంకె రావాలి. ఒక పిన్నులోనే వోల్టేజీ ఉంటే ఆ ఛానెల్‌కు కండెన్సర్ మైకు కలపకూడదు.